మాగేసిన గది

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు: అవ్వ వరదమ్మ, నాయన, చిత్తూరు నుంచి వచ్చిన మేనమామ ముకుందం, పదో తరగతిలో ఇంగ్లీషు తప్పిన భారతి.

“మళ్లీ పరీక్ష కట్టించేది దండగ బావా. ఇది ఒట్టి ఇగ్నొరెంట్” అన్నాడు మామ.

“అంటే ఏందిమే, తెలివిలేనిదనా?” అని అవ్వ భారతిని అడిగింది.

“కాదవ్వా, ఇంకా తెలీనిదని” అంది భారతి తలెత్తకుండా.

“అంతేనా! పచ్చికాయను పారేస్తామా ముకుందా? మాగేస్తాము గానీ.”

నాయన నవ్వేశాడు. “సరే, రాయనీ.”

అవ్వ ఆమె చేతికి పుస్తకమిచ్చి, వరిగడ్డిలో మామిడికాయలు మాగేసిన గదిలోకి పంపింది. భారతి కృతజ్ఞతతో వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయింది.

“మాటిమాటికీ తలుపు తీస్తే కాయ మాగదు, చదువుకోమే” అంటూ అవ్వ తలుపు మూసేసింది.