ఇబ్బంది లేదమ్మా

సీతారావమ్మకు గర్భసంచి జారి ఆరేళ్ళు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. నడక ఎందుకలా ఉందని అడిగితే మోకాళ్ళ నొప్పులనేది. భర్త రత్తయ్య కూడా అదే నమ్మాడు. ఆ వేసవిలో ఒకనాడు పూటంతా మూత్రం రాకపోయేసరికి భయపడి, ఆయన్ని వెంటబెట్టుకుని మైలవరం నుంచి విజయవాడ ఆసుపత్రికి ఆటోలో వచ్చింది.

డాక్టరు పరీక్ష చేశాక ఉషశ్రీ అనే పీజీ అమ్మాయి ఆమెను పక్కగదికి తీసుకెళ్ళింది. ఈ జబ్బున్న ఆడవాళ్ళ రోజువారీ బతుకు ఎంత దెబ్బతింటోందో ప్రశ్నలడిగి కొలవడం ఆమె పని. ఇబ్బంది ఎంత ఎక్కువైతే మార్కులు అంత ఎక్కువ.

“ప్రయాణాల్లో ఇబ్బందిగా ఉంటుందాండీ?”

“లేదమ్మా.”

“పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్తే?”

“ఏం ఇబ్బంది లేదమ్మా.”

“మీకూ మీ ఆయనకీ మధ్య?”

సీతారావమ్మ తల దించుకుంది. “అదేం లేదులే తల్లీ.”

అన్నీ సున్నాలే. ఇందాక పరీక్షలో డాక్టరు పక్కన నిలబడి తను చూసింది వేరు. ఉషశ్రీ పెన్ను పక్కన పెట్టింది.

“పిన్నిగారూ, ఆఖరిసారి బస్సెప్పుడెక్కారు?”

“ఎక్కడెక్కుతానమ్మా? ఒంటేలుకి దిగాలంటే మధ్యలో ఆపుతారా? గన్నవరంలో మా చెల్లెలి కూతురి పెళ్ళికే పోలేదు.”

“వెళ్ళాలనిపించలేదా?”

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “చీర కూడా కొనుక్కున్నాను. కూర్చుంటే కిందికి దిగుతుంది. వాసనొస్తుందేమోనని భయం. ఉక్కపోతని వంక పెట్టి ఆయన్ని కూడా పంచలో పడుకోమన్నాను.”

ఉషశ్రీ సున్నాలు కొట్టేసి మళ్ళీ మొదటినుంచీ అడిగింది. ఈసారి ఇబ్బంది ఉందా అని కాదు, ఏమేం మానేశారు అని. సీతారావమ్మ చెబుతూ పోయింది. ఒక్కొక్కటీ వదిలేసినప్పుడు చిన్నదిగానే అనిపించింది. అన్నీ కలిపి తన నోటివెంట వస్తుంటే ఆమెకే ఆశ్చర్యం వేసింది.

గర్భసంచి కిందికి జారకుండా ఆరోజే లోపల రింగు అమర్చారు. అది సరిపడకపోతే ఆపరేషన్ చేద్దామనీ, బరువులు ఎత్తొద్దనీ అన్నారు. బయటికొచ్చి, బల్లమీద కూర్చున్న రత్తయ్యకు మొత్తం చెప్పింది.

“ఇన్నాళ్ళూ నాతో చెప్పలేదేమే?”

“ఎట్లా చెప్పేదయ్యా?”

రత్తయ్య లేచి ఆమె చేతిలోని సంచీ అందుకున్నాడు.

నెల తర్వాత వచ్చేసరికి ఆమె నడక తేలికపడింది, మార్కులూ బాగా తగ్గాయి. ఉషశ్రీ సంతోషించేలోగా రత్తయ్య తలుపు దగ్గర నిలబడి, “నాదో మాటుందమ్మా. గడ్డిమోపు ఎత్తొద్దని గట్టిగా చెప్పండి. నా మాట లెక్కచెయ్యట్లేదు” అన్నాడు.

సీతారావమ్మ కొరకొరా చూసింది. “మరి గేదె పస్తుంటుందా?”

“మోపు నేను తెస్తాలే” అన్నాడు రత్తయ్య.