లోర్నా చేతిలో హారన్ తాడు

ఫైనల్ రోజు తెల్లవారకముందే కరాంబుల్ మైదానం చుట్టూ బళ్లు చేరిపోయాయి. ఈ ఊళ్లో ఫుట్‌బాల్ చూడడమంటే గ్యాలరీలో కూర్చుని చప్పట్లు కొట్టడం కాదు. కారు ముక్కును కంచెకు ఆనించి, హీటరు వేసుకుని, ఒళ్లో మాంసం కూరి కాల్చిన వేడి వేడి మీట్ పై పెట్టుకుని, తమ జట్టు గోల్ కొట్టినప్పుడల్లా హారన్ మోత మోగించడం. ఏ హారన్ ఎవరిదో కళ్లు మూసుకుని చెప్పగలరు. ఇక లోర్నా పెషెల్ లారీ సంగతి చెప్పేదేముంది! గోధుమలు తోలే ఆ లారీలో హారన్ తాడు ఒక్కసారి లాగితే పక్క ఊరి కుక్కలు కూడా లేచి కూర్చుంటాయి.

లోర్నాకు అరవై దాటాయి. సొంత లారీ, సొంత నోరు. రెండింటికీ బ్రేకులు తక్కువ అని ఊళ్లో అంటారు, ఆవిడకు వినపడనంత దూరంలో. ఆడపిల్లల జట్టు పెట్టిన రోజు నుంచీ ఒక్క ఆట మానలేదు. అందులో గత మూడేళ్లుగా ఆవిడ చూస్తున్నది నిజానికి ఒక్క పిల్లనే.

టిల్లీ నోస్కే. పదిహేడేళ్లు. మైదానం నడిమధ్య ఆడుతుంది. ఇక్కడి ఫుట్‌బాల్‌ని చేత్తోనూ ఆడతారు; అంపైర్ గుడ్డు ఆకారపు బంతిని నేలకేసి కొట్టగానే రెండు జట్ల వాళ్లూ ఒకరి మీద ఒకరు పడతారు. ఆ కాళ్ల గుంపులోంచి బంతి పట్టుకుని బయటికొచ్చేది చాలాసార్లు టిల్లీయే. మనిషి పొట్టి, ముక్కు ఒకసారి విరిగి కొంచెం పక్కకు తిరిగింది. ఆ పిల్ల బంతి అందుకుందంటే కార్లలో వాళ్లు మీట్ పై తినడం ఆపేస్తారు.

వచ్చే నెలలో నగరంలో పెద్ద జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకుంటాయి. దాని గురించి ఊళ్లో పెద్ద గొడవే నడుస్తోంది. కసాయి కొట్టాయన టిల్లీని తాను అభిమానించే జట్టే తీసుకుంటుందన్నాడు. చర్చి పాస్టరుగారేమో, కాదు మా జట్టే అన్నారు. ఇద్దరూ రెండు వారాలుగా మాట్లాడుకోవడం లేదు. లోర్నా మాత్రం తన తాతల నాటి జట్టునైనా వదిలేసి, టిల్లీ ఏ రంగు వేసుకుంటే ఆ రంగు కండువా అల్లుకుంటానని బహిరంగంగా ప్రకటించింది. ఈ ఊళ్లో మతం మార్చుకున్నా క్షమిస్తారు కానీ జట్టు మార్చుకుంటే క్షమించరు. అయినా లోర్నాను ఎవరూ ఒక్క మాట అనలేదు. లోపల అందరి ఆలోచనా అదే.

ఆ రోజు పెద్ద జట్టు కోసం ఆటగాళ్లను వెతుకుతూ నగరం నుంచి ఒకాయన వచ్చాడు. ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు, మట్టి అంటని బూట్లు చూస్తేనే తెలిసిపోయింది. సగం ఆట అయ్యాక క్యాంటీన్ కిటికీ దగ్గర లోర్నా ఆయన్ని పట్టుకుంది.

"ఏం బాబూ, మా పిల్ల ఎలా ఉంది?"

"బాగానే ఆడుతోందమ్మా. కాస్త పొట్టి. ఊళ్ల ఆటల్లో ఒకరో ఇద్దరో ఇలా మెరుస్తూనే ఉంటారు. అంతా చేయి దాటిపోయినప్పుడు ఏం చేస్తుందో నేనింకా చూడలేదు. తొందరేముంది? వచ్చే ఏడాది మళ్లీ వస్తాను."

వచ్చే ఏడాది అన్న మాటకు లోర్నాకు ఒళ్లు మండింది. చెల్లెలి కూతురు రోవీనాతోనూ ఇలాంటి పెద్దమనిషే ఒకాయన ఇదే మాట అన్నాడు. ఆ ఏడాది వచ్చేలోపు పిల్ల మోకాలు పోయింది. ఇప్పుడు పళ్ల డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తుతోంది.

"వచ్చే ఏడాది మీకుంటుంది బాబూ. ఆడపిల్ల మోకాలికి ఉంటుందని రాసిస్తారా?" అంది. ఆయన నవ్వి, సాస్ సీసా అందుకున్నాడు. ఇవాళ ఈ మనిషి మనసు మారకపోతే టిల్లీ కథా అంతేననుకుంది లోర్నా.

ఆట నాలుగు క్వార్టర్లు. మూడో క్వార్టర్ చివర, మైదానం పక్క కరెంటు స్తంభం మీది సైరన్ ఒకసారి మూలిగి, ఆగిపోయింది. ఎలక్ట్రీషియన్ పైకెక్కి కిందికి దిగి, ఇవాళ్టికి ఇది లేవదన్నాడు. సైరన్ లేకుండా ఆట ముగిసిందని ఎలా చెప్పాలి? అంపైర్ చుట్టూ చూశాడు. అందరూ ఒకే వైపు చూశారు.

"ఆ లారీయా? సరే. చివరి క్వార్టర్‌కి అదే సైరన్. మిగతా బళ్లు ఒక్కటీ హారన్ కొట్టకూడదు. గోల్ పడితే లైట్లు వేసుకోండి. ఇదిగో అమ్మా, మీరు కూడా. ఆట అయిపోయినప్పుడు తప్ప ఆ తాడు ముట్టుకోవద్దు," అన్నాడు అంపైర్.

"నాకేమైనా పిచ్చా?" అంది లోర్నా.

ఎదుటి జట్టైన టారిన్ ఊరి తరఫున టైం చూసే డల్సీ, గడియారం పట్టుకుని లారీ ఎక్కి పక్కన కూర్చుంది. డల్సీకీ లోర్నాకూ వ్యవసాయ ప్రదర్శనలో స్పాంజ్ కేకు బహుమతి దగ్గర ఇరవై ఏళ్ల పగ. కరాంబుల్ టైం కీపర్ ఇంకో గడియారంతో లారీ మెట్టు మీద నిలబడ్డాడు, ఇద్దరు ఆడవాళ్ల మధ్యకు రావడం ఇష్టంలేక.

"నేను లాగమన్నప్పుడే లాగాలి," అంది డల్సీ.

"తెలుసులేవే. నీ కేకులా నేనేం కుంగిపోను."

చివరి క్వార్టర్ మొదలైనప్పుడు టారిన్ పంతొమ్మిది పాయింట్లు ముందుంది, గోల్‌కు ఆరు పాయింట్లు. అప్పటి నుంచి టిల్లీ ఆడిన ఆట గురించి కరాంబుల్‌లో పుట్టబోయే పిల్లలకు కూడా చెబుతారు. పడింది, లేచింది, మోచేత్తో పొడిపించుకుంది, మళ్లీ బంతితో బయటికొచ్చింది. ఒక గోల్. ఇంకో గోల్. చుట్టూ బళ్ల లైట్లు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి. హారన్ లేని ఆ సంబరం మూగవాళ్ల పెళ్లిలా ఉంది. తాడు లోర్నా చెవి పక్కనే ఊగుతోంది. ఆవిడ సీటు అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ఆట ముగింపుకొచ్చేసరికి టారిన్ ఏడు పాయింట్లు ముందుంది. టిల్లీ గుంపులోంచి దూసుకొచ్చి, ఇద్దరిని తప్పించి, పరుగు మీదే తన్నింది. బంతి గోల్ దగ్గరి రెండు పెద్ద స్తంభాల నట్టనడుమ నుంచి వెళ్లింది. ఆరు పాయింట్లు. ఇక తేడా ఒక్కటే!

లోర్నా చేయి ఆవిడను అడగలేదు. తాడు లాగేసింది.

హారన్ మైదానమంతా మారుమోగింది. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత అందరికీ తప్పుగా అర్థమైంది. ఆట అయిపోయింది, టారిన్ ఒక్క పాయింట్‌తో గెలిచింది! టారిన్ పిల్లలు ఒకరినొకరు ఎత్తుకుని తిప్పుకున్నారు. వాళ్ల జనం కంచె దూకి లోపలికి పరిగెత్తారు. కరాంబుల్ పిల్లలు ఎక్కడివాళ్లక్కడ కూలబడ్డారు. గోల్ దగ్గర ఆడే పిల్ల నేల మీద బోర్లా పడి ఏడుస్తోంది.

"ఏం చేశావే ముండా!" అంది డల్సీ గడియారం ఆపేస్తూ. "ఇంకా నిమిషం పైనే ఉంది!"

లోర్నా తాడు వదిలేసింది. మూడేళ్లుగా ఏ పిల్ల కోసం గొంతు చించుకుందో, ఆ పిల్ల ఆటను తన చేత్తోనే చంపేసింది. కంచె దగ్గర నగరం ఆయన కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు. కరాంబుల్ టైం కీపర్ కూడా గడియారం ఆపి, మెట్టు దిగి, "అవ్వలేదు! అవ్వలేదు!" అని అరుస్తూ అంపైర్ వైపు పరిగెత్తాడు.

అప్పుడు చూసింది లోర్నా. అంత గోలలోనూ మైదానం నడుమ గీసిన వృత్తంలో ఒక్క మనిషి నిలబడి ఉంది. టిల్లీ. నడుం మీద చేతులు పెట్టుకుని, తర్వాతి బంతి కోసం చూస్తోంది. జనం పక్కనుంచి తోసుకుంటూ పోతున్నా కదలలేదు. తర్వాత తన జట్టు వాళ్ల దగ్గరికి ఒక్కొక్కరిగా వెళ్లింది. బోర్లా పడ్డ పిల్లను చొక్కా పట్టి లేపింది. ఆ గొంతు కంచె దాకా వినపడింది.

"లేవండే! అది సైరన్ కాదు. అది లోర్నా ఆంటీ సంతోషం. తొమ్మిదేళ్లప్పటి నుంచి వింటున్నా, నాకు తెలీదా? లేవవే, ముక్కు తుడుచుకో!"

ఆ మాట విని కరాంబుల్ కార్లలో ఎవరో పగలబడి నవ్వారు. లోర్నా ఏడ్చింది. ఏడుస్తూనే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

అంపైర్ ఈల మీద ఈల వేసి జనాన్ని బయటికి తోలాడు. టారిన్ పిల్లలు గెలుపు ముఖాలతో వెనక్కి వచ్చి నిలబడ్డారు. ఒకసారి గెలిచేశాక మళ్లీ గెలవమంటే ఎవరికైనా కాళ్లు ఆడవు. అంపైర్ బంతిని నేలకేసి కొట్టాడు. అది పైకి లేచి దిగేసరికి కింద టిల్లీ చేతులున్నాయి.

వెనక్కి లాగిన చేతిని విదిలించుకుంది. ఆట నియమం ప్రకారం బంతిని నేలకు కొట్టి అందుకుంది, మళ్లీ పరుగు. ఇంకోసారి కొట్టి అందుకుంది. ఎదురొచ్చిన పొడుగు పిల్ల చంక కిందుగా దూరిపోయింది. స్తంభాలు ఇంకా దూరం. డల్సీ ఒక చేత్తో గడియారం, ఇంకో చేత్తో లోర్నా మణికట్టు పట్టుకుంది.

"పట్టుకో తాడు," అంది డల్సీ. "సిద్ధంగా ఉండు."

లోర్నా తాడు పట్టుకుంది. టిల్లీ అడుగు కుదించింది, బంతిని రెండు చేతుల్లో సర్దుకుంది.

"లాగు!"

ఒక్క ఊపిరి సేపు ఆగితే చాలు, హారన్‌కు ముందే తన్నిన బంతి చెల్లుతుంది. ఎవరికీ తెలియదు. అలా ఆగిందంటే మాత్రం టిల్లీ నోస్కే లారీ పుణ్యాన గెలిచిందని టారిన్‌లో చచ్చేదాకా అంటారు, ఆ మాట అబద్ధమూ కాదు. లోర్నా తన బతుకులో ఎన్నడూ లాగనంత గట్టిగా లాగింది.

హారన్ మోగేసరికి బంతి గాల్లో ఉంది. అది వంకరగా వెళ్లి, గాలికి కాస్త సర్దుకుని, పెద్ద స్తంభాల మధ్య నుంచి దిగింది. అందరూ అంపైర్ వైపు చూశారు. అంపైర్ తల వంచుకుని ఒక క్షణం ఆలోచించాడు. టారిన్ కెప్టెన్ లారీ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"డల్సీ ఆంటీ, ఆవిడ ఆలస్యం చేసింది! కావాలనే ఆలస్యం చేసింది!"

"అరవకు," అంది డల్సీ. ఆవిడ ముఖం పాలిపోయింది, ఓడిపోతున్నది తన ఊరే మరి. "నేను లాగమన్నాను, లాగింది. ఆ మణికట్టు నా చేతిలోనే ఉంది. బూటు ముందు, హారన్ తర్వాత. నేను చూశాను."

అంపైర్ కూడా అదే చూశాడు. గోల్ అన్నట్టు సైగ చేశాడు. స్తంభాల దగ్గర గోల్ చూసే తెల్లకోటాయన రెండు జెండాలూ ఊపాడు. కరాంబుల్ అయిదు పాయింట్లతో గెలిచింది! ఇక ఏ నిషేధమూ లేదు. మైదానం చుట్టూ ఉన్న బళ్లన్నీ ఒక్కసారిగా గొంతెత్తాయి. కసాయి కొట్టాయన పాస్టరుగారిని కౌగిలించుకుని గాల్లోకి ఎత్తేశాడు. పిల్లలు టిల్లీని భుజాల మీద ఎక్కించుకుంటే ఆ పిల్ల దిగుతానని తన్నుకుంటోంది.

లోర్నా లారీ ఒక్కటే మోగలేదు. ఆవిడ తాడు వైపు చూడడానికే భయపడుతూ కిందికి దిగింది. నగరం ఆయన ఎదురొచ్చాడు. బూట్లకు అప్పటికి బాగా మట్టి అంటింది.

"ముందు ఆ హారన్ మోగించింది మీరేనా?"

"నేనే," అంది లోర్నా. "అనాలంటే నన్ననండి బాబూ. పిల్ల తప్పేం లేదు."

"మిమ్మల్నెందుకంటాను? అంతా చేయి దాటిపోయినప్పుడు ఏం చేస్తుందో చూడలేదన్నాను కదా. అందరూ పడిపోయారు, అందరూ ఎగిరారు. నిలబడింది ఆ ఒక్క పిల్లే. నేను పదేళ్లు తిరిగినా అది నాకు కనపడేది కాదు." ఆయన ఫోన్ తీశాడు. "వచ్చే ఏడాది దాకా ఆగను. మా జట్టు మొదటి పేరు ఆ పిల్లదే చెయ్యమని ఇప్పుడే చెబుతున్నా."

"మీది ఏ జట్టు?" అని అడిగింది లోర్నా. ఆయన చెప్పాడు. ఆవిడ తాత సమాధిలోంచి లేచి వచ్చి తిట్టేంత పగవాళ్ల జట్టు అది. లోర్నా ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

లారీ కిటికీలోంచి డల్సీ ముక్కు చీదుకుంటూ తొంగి చూసింది.

"ఇంకా అక్కడే నిలబడ్డావేమే? ఎక్కు. ఇప్పుడు లాగు తల్లీ, చేయి పడిపోయేదాకా లాగు."

లోర్నా ఎక్కి లాగింది. భుజాల మీద నుంచి టిల్లీ అటు తిరిగి చేయి ఊపింది. ఈసారి ఆ మోతకు అర్థమేమిటో మైదానంలో ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.