వ్రాసిన కన్నులు

ఎడతెగక కురిసిన శ్రావణమేఘములు ప్రభాతవేళకు కొంచెము తెఱపి యియ్యగా బందరు పట్టణమునందలి పెంకుటిండ్ల చూరులనుండి జలబిందువులు జాఱుచుండ సముద్రముమీదినుండి వీచు చల్లనిగాలి వంటయిండ్ల పొగను వీధులవెంట మోసికొనిపోవుచుండ నూరంతయు మేలుకొనుచున్న యా వేళ పేరిందేవి యింట మేలుకొనవలసిన పసిబిడ్డ మేలుకొనలేదు. విషజ్వరపీడితయైన యైదేండ్ల భ్రమరాంబ తల్లి యొడిలోనే ప్రాణము విడిచెను.

బ్రతికియుండగా నా బిడ్డకు ఛాయాపటమొక్కటియు తీయింపలేదు. పటము తీసినచో నాయువు తఱుగునని పేరిందేవి నమ్మకము. తిరునాళ్ళనాడు భర్త సాంబయ్య ముచ్చటపడి బిడ్డ నెత్తుకొని ఫోటోకు బయలుదేఱగా నామె గుమ్మమున కడ్డుపడి లబలబలాడి మాన్పించెను. ఎంత వెఱ్ఱి నమ్మకము! అయినను తల్లిప్రాణము గదా. ఇప్పుడు చూచుకొనుటకు రూపమైనను మిగులదే యని గుండెలు బాదుకొని యామెయే ఛాయాగ్రాహకుడైన నాగలింగాచారిని పిలిపించెను.

మృతుల పటములు తీయుటయందు ఆచారి చేయితిరిగినవాడు. అతడు వెలుతురు కొఱకు బిడ్డను వీధియరుగుమీద కుర్చీలో కూర్చుండబెట్టించి వీపునకు దిండానించి మెల్లగా నిట్లనియెను.

"అమ్మా, మూసిన కన్నులను పటముమీద కుంచెతో తెఱచినట్లు దిద్ది యిచ్చుట మా వాడుక. పాప చూపు ఎట్లుండెడిదో చెప్పుము తల్లీ."

"నవ్వునప్పుడు ఎడమకన్ను ఇంచుక చిన్నదయ్యెడిది నాయనా! ఇంక నేమని చెప్పుదును? ఒక్కసారి చూచియుండిన నీకే తెలిసెడిది!" అని యామె బావురుమనెను.

పటము వచ్చెను. అందు బిడ్డ విశాలనేత్రములతో సూటిగా చూచుచుండెను. ఎవరి బిడ్డకైనను ఆచారి వ్రాయు కన్నులవియే.

"ఇవి నా తల్లి కన్నులు కావయ్యా!" అని పేరిందేవి గొల్లుమనెను.

ఆచారి తలవంచుకొని "నేను చూడని చూపును ఎట్లు తేగలను? పోనీ, చెఱిపివేయుదునా?" అనెను.

చెఱిపినచో మిగులునది శవము. ఆమె పటమును లాగికొని ఱొమ్మున కదుముకొనెను.

నాటినుండి పేరిందేవి ప్రతిదినమును పటముముందు కూర్చుండి తనివితీఱ చూచుచు వచ్చెను. మొదట కన్నులు మూసికొన్నచో నిజమైన బిడ్డయే నవ్వుచు కనబడెడిది. రానురాను ఆ మొగముమీదికి ఆచారి వ్రాసిన కన్నులే వచ్చి కూర్చుండెను. ఆమె భయపడి పటమును గోడవైపునకు త్రిప్పెను. అయినను లోపల కనబడునవి యా కన్నులే.

మరల శ్రావణము వచ్చెను. చూరునుండి నీరు కాఱుచుండగా పేరిందేవి భర్తను పిలిచి యడిగెను.

"ఏమండీ, అది నవ్వునప్పుడు చిన్నదయ్యెడిది కుడికన్నా, ఎడమకన్నా?"

సాంబయ్యకు జ్ఞప్తికి రాలేదు. అతడు లేచి గోడవైపునకున్న పటమును త్రిప్పి చూచెను. అందు రెండు కన్నులును సమానముగా తెఱచియుండెను.