రెండు టేసన్ల ఊరు

బుల్లమ్మ మళ్లీ వెనక్కి తిరిగి చూసింది. మామ లేడు. అంటే పండ్ల బండ్ల దగ్గర, తోవ చీలిన చోట గొంతుక్కూర్చుని ఉంటాడు. నెత్తి మీది మూటను ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి నడుముకు పెట్టుకుని ఆమె రోడ్డు మీదే నిలబడిపోయింది. ఆమె ఆగగానే ఒకరి వెనక ఒకరుగా వస్తున్న భీమే, బుధ్రాం, మిగిలిన ఇద్దరూ ఆగిపోయారు. అడవి తోవలో నడిచే మనుషులు, పక్కపక్కన నడవమంటే వాళ్లకు కాళ్లు తడబడతాయి. వెనక నుంచి ఆటోవాడొకడు హారన్ మోగించి ఏదో అన్నాడు. ఆ ఊరి భాష వాళ్లకు రాదు గానీ తిట్టాడని మాత్రం అర్థమైంది.

"ఈడనే నిలవడుండ్రి. కదిలిన్రంటే కాళ్లిరగ్గొడ్త," అని బుధ్రాంకు చెప్పి, బుల్లమ్మ మామ కోసం వెనక్కి నడిచింది.

వాళ్ల అడవి ఊరు గొల్లపల్లిలో ఈ నగరం పేరు ఎవరూ పలకరు. రెండు టేసన్ల ఊరంటారు. కొంటా దాకా జీపు, అక్కడి నుంచి భద్రాచలం మీదుగా బస్సు, ఆపైన రాత్రంతా రైలు. తెల్లారి పెద్ద టేసన్లో దిగి, మూటలెత్తుకుని చిన్న టేసనుకు నడిచి, మిరపతోటల వైపు పోయే బండి ఎక్కాలి. పెద్ద దూరమేం కాదు, గొల్లపల్లి నుంచి వాగు దాకా ఎంతో అంతే. కానీ ఆ కాస్త నడకలోనే ఏటా ఆమె ప్రాణం సగం పోతుంది. భీమే కొత్తగా వచ్చిన పిల్ల, బట్టల దుకాణం ముందు బొమ్మకు చీర కట్టారని నోరు తెరుచుకుని చూస్తుంది. వరసకు మరిదయ్యే బుధ్రాం చెవి దగ్గర నుంచి ఫోను తియ్యడు. ఇక మామ సంగతి చెప్పనే అక్కర్లేదు.

బుల్లమ్మ నలభై దాటిన మనిషి. పొట్టి, గట్టి. చీర మోకాలి కిందికి ఎగగట్టి, మెడలో నల్లపూసలు రెండు వరసలు వేసుకుంటుంది. ఏళ్ల తరబడి మిరపకాయలు తెంపి తెంపి ఆమె గోళ్ల చుట్టూ చర్మం ఎర్రగా పగిలి ఉంటుంది. ఆ వేళ్లతో కళ్లు తుడుచుకోకూడదని ఏనాడో నేర్చుకుంది, అందుకని ఏడవడం కూడా మానేసింది. ఈ మిరప కూలీల ముఠాను నడిపించమని ఆమెను ఎవరూ అడగలేదు. నడిపించేవాళ్లు లేక ఆ పని ఆమె నెత్తిన పడింది.

ఐదేళ్ల కిందట ఇదే నడకలో ఆమె మొగుడు హుంగా తప్పిపోయాడు. బీడీ అంటించుకుని వస్తా, మీరు నడవండి అన్నాడు. వీళ్లు నడిచారు. అతను రాలేదు. బండి వెళ్లిపోయాక రెండు టేసన్ల మధ్య తిరిగి తిరిగి, చివరికి ఠాణాకు పోతే ఫొటో ఏదన్నారు. హుంగా జన్మలో ఫొటో దిగితే కదా. ఎవరైనా ఎత్తుకెళ్లి పనిలో పెట్టారో, లారీ కింద పడ్డాడో, ఇంకో ఆడదాన్ని చూసుకుని హాయిగా ఉన్నాడో తెలీదు. పోయాడని దినాలు చెయ్యడానికీ లేదు, ఉన్నాడని ఎదురు చూడడానికీ లేదు. ఈ రెండూ కాని బతుకు మీద బుల్లమ్మకు ఒళ్లు మండిపోతుంది. కనబడితే ముందు చెంప పగలగొట్టి ఆ తర్వాతే మాట్లాడాలని ఆమె అనుకుంటుంది.

అతని తండ్రి, బుల్లమ్మ మామ పొజ్జాకు మాత్రం అనుమానమే లేదు. కొడుకు తోవ తప్పాడు, అంతే. అడవిలో గుంపుగా పోయేటప్పుడు ముందు నడిచేవాడు తోవ చీలిన చోటల్లా పోకూడని దారికి అడ్డంగా ఒక పచ్చిమండ, ఆకులున్న రెమ్మ, వేసి పోతాడు. వెనక వచ్చేవాడు అది చూసి రెండో తోవ పడతాడు. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఆ ఏడు ముందు నడిచింది పొజ్జాయే. తారు రోడ్లకు మండలెందుకని వెయ్యలేదు.

అప్పటి నుంచి అతను ముందు నడవడం మానేశాడు. అందరికన్నా వెనక వస్తాడు. గొల్లపల్లి నుంచే తునికి మండలు తెస్తాడు, తడిగుడ్డలో చుట్టి, రైల్లో నీళ్లు చిలకరించుకుంటూ. పెట్టెలో జనమంతా వాటినే చూస్తుంటే బుల్లమ్మకు తల కొట్టేసినట్టుంటుంది. దారి పక్కన వేపచెట్లున్నాయి, ఒక రెమ్మ విరవరాదా అంటే వినడు. "యాపమండ ఎవడన్న ఏస్తడు బిడ్డా. తునికి మండయితే మనోళ్లేసిన్రని వాడికి తెలుస్తది," అంటాడు. పోయినేడు వేసిన మండను వాళ్లు చూస్తుండగానే ఆవు తినేసింది. పొజ్జా ఆవు నోట్లోంచి లాగబోయాడు. ఆ గొడవలో బండి అందుకోలేక రెండు రోజులు చిన్న టేసన్లో పడుకోవాల్సి వచ్చింది.

ఈసారి పండ్లరసం దుకాణం ముందు దొరికాడు. నల్లటి సన్నటి మనిషి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, మండను రోడ్డుకు అడ్డంగా సర్దుతున్నాడు. దుకాణంవాడు కాలితో పక్కకు నెట్టాడు. పొజ్జా దాన్ని తీసి మళ్లీ అక్కడే పెట్టాడు.

అప్పుడే బుల్లమ్మ ఫోను మోగింది. తోట దగ్గర కాచుకుని ఉన్న మేస్త్రి రామనర్సయ్య.

"ఏడిదాంక వచ్చిన్రు అక్కా? ఈ బండి తప్పిన్రంటే ఆసామి వేరే ముఠాను దింపుతడట. మళ్ల నన్ననొద్దు."

"వస్తున్నం. టేసన్ల ఉన్నం," అని అబద్ధమాడి ఆమె ఫోను కట్టేసింది. మామ చెయ్యి పట్టుకుని లేపింది.

"ఐదేండ్లాయె. ఇంక చూస్తడా వాడు గీ మండను?"

"వచ్చేటోడికి ఏ ఏడయితేంది బిడ్డా."

"వచ్చేటోడయితే గొల్లపల్లి తెల్వదా? కొంటా బస్సు తెల్వదా? వాడు నీకొక్కనికే పోయిండా? నాకు పోలేదా?"

పొజ్జా ఆమె ముఖంలోకి చూశాడు. బుల్లమ్మ చెయ్యి వదలకుండా నడిపించుకుపోయింది. వెదురు ముక్కలాంటి మణికట్టు. పెళ్లయిన కొత్తలో ఈ చేతితోనే ఆయన ఇప్పచెట్టెక్కి కొమ్మలు దులుపుతుంటే ఆమె కింద పూలు ఏరేది. ఆ సంగతి ఇప్పుడెందుకు గుర్తుకొచ్చిందని ఆమెకు ఇంకా చిరాకేసింది.

నిలబడి ఉన్న నలుగురినీ కలుపుకుని వంతెన కిందికి వచ్చారు. తోవ మూడుగా చీలుతుంది. పొజ్జా అక్కడ కాలు ఆపాడు. చంకలో ఒకటే మండ మిగిలింది.

"ఈ ఒక్కటి ఏసొస్త."

"ఏం వద్దు. నడువు."

ఆయన నడిచాడు. పెనుగులాడలేదు, గొణగలేదు. అదే కొత్తగా ఉంది గానీ, దాన్ని గురించి ఆలోచించే తీరిక ఆమెకు లేదు.

బండి ప్లాట్‌ఫారం మీదే ఉంది. ఆఖరి పెట్టెలో మూటలు తోసి, మనుషులను తోసి, బుల్లమ్మ తను ఎక్కింది. ఈ ఒక్క ఏడన్నా బండి అందింది. కిటికీ దగ్గర సీటొకటి ఖాళీగా కనిపిస్తే పొజ్జా భుజం మీది తువాల తీసి దాని మీద పరిచాడు.

"కూచోరాదు మామా."

"వస్త బిడ్డా. సీటు చూస్తుండు."

ఒంటికి పోతున్నాడనుకుంది. సద్దిమూట విప్పి మామ వాటా పక్కకు తీసింది. మిరపకాయ నంజుకోవడం ఆయనకిష్టం, ఇంకొకటి పెట్టింది. చెమట ఆరుతుంటే కోపమూ కొంచెం తగ్గింది. మరీ అంతలా గుంజుకురాకుండా ఉండాల్సింది అనుకుంది. ఇంతలో బండి కుదుపుతో కదిలింది.

"తాత ఏడి?" అంది భీమే.

బుధ్రాం పెట్టె ఆ చివరి దాకా పోయి చూసి వచ్చాడు. లేడు. బుల్లమ్మ మనుషుల మీది నుంచి దాటుకుంటూ తలుపు దగ్గరికి వచ్చింది. టేసను దాటాక పట్టాలు రోడ్డు వైపుకే వంపు తిరుగుతాయి. గోడ కూలిన చోట వంతెన కింది తోవ కనిపించింది. పొజ్జా అక్కడున్నాడు. మూడు రోడ్లు కలిసే చోట గొంతుక్కూర్చుని, మండ గాలికి పోకుండా దాని మీద రాయి పెడుతున్నాడు. రైలు చప్పుడు వినబడే ఉంటుంది. తల ఎత్తలేదు. లేచి పరుగెత్తలేదు. రాయి పెట్టడం అయ్యాక ఆ పక్కనే గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఇంటి అరుగు మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు. వెంటనే ఇళ్లు అడ్డం వచ్చాయి.

"గొలుసు గుంజాల్నా వదినా?" బుధ్రాం చెయ్యి పైకెత్తాడు.

"వద్దు. గొలుసు గుంజితే అందర్నీ దింపుతరు." ఆమె గొంతు తనకే వింతగా వినిపించింది. "వచ్చే టేసన్ల నేనొక్కదాన్నే దిగుత. మీరు పోండ్రి. రామనర్సయ్యకు చెప్పు."

"నీ పని పోతది గద."

"పోనియ్."

ఆయన దగ్గర ఫోను లేదు, ఆ ఊరి మాట రాదు. చీకటి పడేలోగా ఆ గోడ దగ్గరే దొరకాలి. దొరక్కపోతే తప్పిపోయినవాళ్లు ఇద్దరవుతారు. ఇద్దరి కోసం ఏటా ఆ నడక నడవాలి, ఈసారి మండలు మొయ్యడానికి తనే మిగులుతుంది. బుల్లమ్మకు ఎవరిని తిట్టాలో తెలియలేదు. మామను తిట్టింది, హుంగాను తిట్టింది, చివరికి మామ చెయ్యి పట్టుకున్న తన చెయ్యిని తిట్టుకుంది. ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుంది. భగ్గున మండాయి.

సంచి మోసుకుంటూ ఒకతను వచ్చి కిటికీ సీటు చూపిస్తూ తన భాషలో ఏదో అడిగాడు. బుల్లమ్మ తల అడ్డంగా ఊపింది.

"మనిషున్నడు," అంది.

అతను ఖాళీ సీటు వైపూ, ఆమె ఎర్రబడిన కళ్ల వైపూ చూసి ముందుకు పోయాడు. ఒక కొస కిటికీ గాలికి లేచి పడుతుంటే, మిగతా తువాల అంతా ముడత లేకుండా ఆ సీటు మీద పరిచి ఉంది.