చివరి రెండు నిమిషాలు

"వదినగారూ, టీలో చక్కెర కాస్త తగ్గించండి" అని ముందుగదిలోంచి కళ్ళడాక్టరు కేకేశాడు. ఆమె వంటింట్లో పొద్దుటి గిన్నెలు తోముతోంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆమె భర్తా, అతని స్నేహితులు కళ్ళడాక్టరూ, ఇంకొకతనూ పాత హాలీవుడ్ సినిమా పెట్టుకుంటారు. ఈ నెలంతా రెండింటినే మార్చి మార్చి వేస్తున్నారు. రెండూ రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో తీసినవి. ఒకదాంట్లో భార్య, యుద్ధం నుంచి రాయిలా తిరిగొచ్చిన మొగుడితో ఉండిపోతుంది. రెండోదాంట్లో ఒక టైపిస్టు ఇల్లు విడిచి వెళ్ళి, చివరికి తిరిగొస్తుంది. ఏది గొప్పదని వాదన.

వస్తూ పోతూ చూసినంతలో ఆమెకు రెండూ ఇష్టమే. ఒకసారి ఆ మాటే అంది. "మా ఆవిడది గోడ మీద పిల్లివాటం. ముందు టీ సంగతి చూడవోయ్" అన్నాడు భర్త. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. అలా నవ్వినందుకు వారమంతా తన మీద తనకే కోపం. ఆ సినిమాల గురించి ఎవరితోనైనా మాట్లాడాలని ఎంతగానో ఉంది. ఎవరితో మాట్లాడాలి, ఆఫీసులో ఫైళ్ళతోనా, ఇంట్లో గిన్నెలతోనా? ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ ఇంట్లో ఒక్క సినిమా చివరిదాకా కూర్చుని చూసిన పాపాన పోలేదు.

అందుకే గురువారం సెలవు పెట్టి, భర్త బయటికెళ్ళాక, రెండూ ఒక్కతే చూసింది. మొదటిదాంట్లో ఆ భార్య మొగుడి బూట్ల లేసులు విప్పుతూ ఉన్నట్టుండి నవ్వుతుంది. ఆ నవ్వుకి ఈమెకు ఏడుపొచ్చింది. రెండోదానికి లేచి నిలబడిపోయింది. టైపిస్టు తిరిగొచ్చింది, నిజమే. తలుపు వెనక తగిలించిన తన గొడుగు తీసుకుంది. మళ్ళీ వెళ్ళిపోయింది.

ఇన్నిసార్లు చూసి ఆ ముక్క ఒక్కరూ అనలేదేం? కళ్ళడాక్టరుక్కూడా కనపడలేదా? కాసేపు ఆలోచిస్తే తెలిసింది. టైపిస్టు తలుపు తోసే వేళకే ప్రతిసారీ తన టీ ట్రే వస్తుంది. కథ అయిపోయిందనుకుని అందరూ కప్పుల వైపు తిరుగుతారు. ఇన్నాళ్ళూ ఆ అమ్మాయిని ఇల్లు కదలనివ్వనిది తన టీయే.

ఆదివారం మళ్ళీ అదే సినిమా. టైపిస్టు తలుపు తోసింది. "వచ్చేసిందిగా, పాపం" అంటూ కళ్ళడాక్టరు ఒళ్ళు విరుచుకున్నాడు. భర్త వంటింటి వైపు తిరిగి, "టీ ఏదోయ్?" అన్నాడు. అక్కడ పొయ్యే వెలగలేదు. ఆమె అతని వెనకే, కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

"అటు చూడండి" అంది. "సినిమా ఇంకా అయిపోలేదు."