ఎడమ చక్రం లోపలి అంచు

గరుకుగా తగలాలి కదా, బయటి వైపు నుంచి లోపలికి అరచెయ్యి లాగితే రంపం పళ్ళలా వేళ్ళకు అడ్డు పడాలి, లోపలి నుంచి బయటికి లాగితే నున్నగా జారిపోవాలి, అలా ఉంటే ముందు చక్రాలు రెండూ ముక్కులు ఎడంగా పెట్టుకుని పరిగెడుతున్నాయని అర్థం, ముప్పై ఏళ్ళుగా తెలిసిన సంగతే, కానీ ఇప్పుడు అటు లాగినా ఇటు లాగినా ఒకటే, చేతికి మందపాటి మేజోడు తొడిగినట్టుంది, ఛ, గ్రీజు అంటుకుని ఉంటుంది అనుకుని పెద్దమేస్త్రి చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ టైరు మీద పెట్టాడు, కంటికైతే ఎవరికైనా కనిపిస్తూనే ఉంది, బయటి సగం నిన్న కొన్నట్టుంది, లోపలి అంచున రబ్బరంతా పోయి ఇనుప తీగలు తేలాయి, మూడు నెలల్లో ఈ బండి ఇదే కంప్లైంటుతో రావడం ఇది మూడోసారి, బండి తాలూకు డ్రైవింగ్ టీచరమ్మ చేతులు కట్టుకుని పక్కనే నిలబడి ఉంది, నాలుగు తిట్టినా బాగుండును, ఏవమ్మా మళ్ళీ ఫుట్‌పాత్ ఎక్కించారా మీ స్టూడెంట్లు అని తనే నవ్వుతూ అడిగాడు, ఆవిడ నవ్వలేదు, ఎక్కించే ఆవిడ మానేసిందిగా మేస్త్రిగారూ, పోయినసారి మీరు చెప్పాకే కదా నేను ఆవిణ్ణి అందరి ముందూ కేకలేశాను అంది.

ఆవిడంటే నర్సమ్మ, నలభై దాటిన మనిషి, మొగుడు పోయాక ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసే ఉద్యోగం వస్తుందని, దానికి కారు నడపడం రావాలన్నారని నేర్చుకోడానికి చేరింది, భయం భయంగా స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని ఒకసారి ఈ షాపు ముందు నుంచే పోయింది, మెడ ముందుకు చాచి, పాపం, పోయినసారి బండి తెచ్చినప్పుడే టీచరమ్మ టైరెందుకు ఇలా పోతోంది మేస్త్రిగారూ అని అడిగింది, తను స్టీరింగు కీలు మీద చెయ్యి పెట్టి, చూసి, సరే బాగానే ఉంది, ఎవరో చక్రాన్ని గట్టుకేసి కొడుతున్నారు చూడండి అన్నాడు, ఎంత ధీమాగా అన్నాడు, పక్కనున్న తమ్ముడు కూడా అన్నయ్య చెయ్యేశాడంటే ఇంక తిరుగు లేదండీ అన్నాడు, ఆ మాట ఆ పూట ఎంత తియ్యగా ఉందో, ఈ షాపులో పద్ధతే అది, చిన్నమేస్త్రి అయిన తమ్ముడు మిషన్ చూస్తాడు, చక్రాలు ఎటు చూస్తున్నాయో కొలిచే అద్దాలు బిగించి కంప్యూటర్ తెర మీద ఎర్రగా ఉన్న అంకెలన్నీ పచ్చగా అయ్యేదాకా కడ్డీలు తిప్పుతాడు, అంతా పచ్చబడ్డాక కూడా బండి గేటు దాటదు, పెద్దమేస్త్రి వచ్చి కీళ్ళ మీద వేళ్ళు పెట్టి సరే అంటేనే దాటుతుంది, మిషన్ నిలబడ్డ బండిని కొలుస్తుందిరా, టైరు అరిగేది పరిగెత్తే బండికి అనేవాడు పని నేర్పిన ముసలి మేస్త్రి, తువ్వాలుతో కళ్ళు గట్టిగా కట్టేసి టైరు ముందు కూర్చోబెట్టేవాడు, చెప్పరా ఎటు అరుగుతోంది, తప్పు చెబితే నెత్తిన మొట్టికాయ, ఒప్పు చెబితే మొట్టికాయ ఉండదు, అంతే, అదే బహుమానం, ఏడాది తిరిగేసరికి మొట్టికాయలు ఆగిపోయాయి, వేళ్ళకు కళ్ళొచ్చాయిరా వీడికి అని ముసలాయన వీధంతా చెప్పుకున్నాడు.

కళ్ళొచ్చిన వేళ్ళు, ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోలేవు, పొద్దున భార్య పెడుతుంది, ఏవండీ చిన్నపిల్లాడైపోయారు అని నవ్వుకుంటూ, ఆవిడకు తెలుసు, తెలియనట్టు నవ్వుతుంది, షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయి, పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టం, ఉన్నదైనా కాపాడుకోండి అన్నాడు డాక్టరు, మాత్రలు రాశాడు, మాత్రలతో తిమ్మిరి తగ్గింది, తిమ్మిరి తగ్గితే బాగుపడుతోంది అనుకున్నాడు వెర్రివాడిలా, అది బాగుపడటం కాదని, ఉన్న ఆ కాస్త సలపరం కూడా పోవడమని కాఫీ గ్లాసు చెప్పింది, ఏవండీ ఇప్పుడే పొయ్యి మీంచి దించాను అని ఆవిడ అరిచేసరికే బొటనవేలికి బొబ్బ లేచింది, అది సరే, తన చెయ్యి, తన బొబ్బ, కానీ ఆవిడ జ్వరం మాటేమిటి, అంతకు ముందే, ఆవిడకింకా ఏమీ తెలియనప్పుడు, వానాకాలంలో ఒక పొద్దున ఒళ్ళు కాలుతున్నట్టుంది చూడండి అని నుదురు ముందుకు వంచింది, చెయ్యి పెట్టాడు, ఏమీ తెలియలేదు, తెలియడం లేదే అనొచ్చుగా, ఆ ముక్క నోటికి రాలేదు, ఏం లేదు, చల్లగానే ఉన్నావు, నిద్ర చాలక అయ్యుంటుంది అన్నాడు, ఈయన చేతికి తెలియనిది ఉంటుందా అని ఆవిడ డబ్బా సర్దుకుని కుట్టుపనికి వెళ్ళిపోయింది, సాయంత్రం ఇద్దరు ఆడవాళ్ళు రెక్కలు పట్టుకుని తీసుకొచ్చారు, నూట మూడు.

అన్నయ్యా, ఏంటలా కూర్చుండిపోయావు, జాకీ ఎత్తనా అంటున్నాడు చిన్నమేస్త్రి, ఎత్తు అన్నాడు, బండి ముందు భాగం లేచింది, తమ్ముడు చక్రాన్ని అటూ ఇటూ రెండు పక్కలా పట్టుకుని ఊపడం, తను కిందికి వంగి స్టీరింగు కడ్డీ చివర, చక్రాన్ని అంటుకుని ఉండే గుండు కీలు మీద రెండు వేళ్ళు ఆనించడం, ఆ గుండు లోపల అరిగిపోయి వదులైతే చక్రం ఊగినప్పుడల్లా చిన్న కొట్టుడు వేళ్ళకు తగులుతుంది, ఊపేవాడికి పెద్దగా తెలియదు, వేళ్ళు ఆనించినవాడికే తెలుస్తుంది, ఎన్ని వందల బండ్లకు ఇలా వంగాడో, ఊపరా, ఊపుతున్నానన్నయ్యా, ఇంకొంచెం, ఇదిగో, వేళ్ళ కింద రబ్బరు టోపీ ఉందని కంటికి కనబడుతోంది కాబట్టి ఉందని తెలుస్తోంది, అంతకు మించి ఏమీ లేదు, ఏదో గోడ మీద చెయ్యి పెట్టినట్టుంది, అప్పుడు టీచరమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని పక్కనే గొంతుక్కూర్చుంది, నేనొకసారి పెట్టి చూడనా మేస్త్రిగారూ, క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కాలికి తెలియాలని రోజంతా పిల్లలకు చెప్పి చెప్పి నాకు వీటి మీద ఆసక్తి అంది, వద్దనడానికి కారణం దొరకలేదు, ఆవిడ వేళ్ళు ఆనించింది, తమ్ముడు ఊపాడు, అమ్మో, టక్కుటక్కుమని కొడుతోంది కదండీ, ఇదేనా మీరు చెప్పే వదులు, ఇంత గట్టిగా కొడుతోందే, మీకు తగల్లేదా.

తమ్ముడి చేతులు చక్రం మీదే ఆగిపోయాయి, ఆ ముఖం వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు, వాడు లేచి వచ్చి తనే వేళ్ళు ఆనించి, ఎడమ చేత్తో చక్రం కదిపాడు, ముప్పై ఏళ్ళలో ఇలా కీలు మీద తమ్ముడు వేళ్ళు పెట్టి చూడటం ఇదే మొదటిసారి, అన్న ఉండగా అక్కర్లేదు కదా, కదిపి, అవునన్నయ్యా, ఉంది అన్నాడు మెల్లగా, ఆ మెల్లదనమే కోసేసింది, వెధవ, గట్టిగా అరిచి ఉంటే బాగుండేది, అవును ఉంది, ఈమధ్యే వదులైనట్టుంది అని పెద్దమేస్త్రి గొంతు అంది, ఆ గొంతు ఎవరిదో అన్నట్టు విన్నాడు, ఈమధ్యేనా, మూడు నెలల క్రితం మొదటి టైరు పోయినప్పుడు లేదా, నర్సమ్మ మీద వేసినప్పుడు లేదా, ఆవిడ మళ్ళీ వస్తుందేమో కనుక్కోండమ్మా అందామనుకున్నాడు, ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారటండీ అని టీచరమ్మ ఇందాకే తమ్ముడితో అంది, బండి లోపలికి తెచ్చినప్పుడు, విననట్టు నటించాడు కానీ విన్నాడు.

తర్వాత పని పనిలా నడిచింది, దానికేం, పని ఎప్పుడూ నడుస్తుంది, నట్టు విప్పి, సుత్తితో కీలు పక్కన రెండు దెబ్బలు వేస్తే పాత గుండు ఊడి చేతిలో పడింది, పడిందని చప్పుడు వల్ల తెలిసింది, తమ్ముడు కొత్తది ఎక్కించి ఎన్ని చుట్లు తిప్పాడో నోట్లో లెక్క పెట్టుకున్నాడు, పాతది ఎన్ని చుట్ల లోతున ఉందో కొత్తదీ అంతే ఉండాలి, లేకపోతే చక్రం ఇంకెటో చూస్తుంది, నట్టు ఊడకుండా పిన్ను దూర్చి దాని కాళ్ళు వంచారు, కొత్త టైరు ఎక్కింది, అద్దాలు బిగించారు, స్టీరింగు నిటారుగా పెట్టి కదలకుండా కట్టారు, తెర మీద ఎర్రగా ఉన్న అంకె ఒకటి తగ్గుతూ తగ్గుతూ వచ్చి పచ్చబడింది, ఇంతకు ముందు రెండుసార్లూ ఇలాగే పచ్చబడింది, అప్పుడూ ఇంతే అందంగా ఉంది తెర, ఆ పచ్చదనాన్ని నమ్మకూడదనే కదా ఈ షాపులో తన పీట, తన కాఫీ, తన మర్యాద, ఆ ఒక్క పనికే కదా పెద్దమేస్త్రి అంటున్నారు, అది పోతే మిగిలేది ఊరికే పెద్దవాడు, స్పానర్లు తుడిచి పెట్టేవాడు, వచ్చినవాళ్ళకు కుర్చీ చూపించేవాడు.

చెయ్యి పెట్టన్నయ్యా అన్నాడు తమ్ముడు, జాకీ మళ్ళీ ఎత్తి, చక్రం పట్టుకుని, మామూలుగా రోజూ అన్నట్టే అన్నాడు, ఇందాక ఏమీ జరగనట్టు, వాడు ఇస్తున్నాడు, దారి ఇస్తున్నాడు, చెయ్యి పెట్టి సరే అంటే చాలు, ఎలాగూ కొత్త గుండు, గట్టిగానే ఉంటుంది, తప్పయ్యే అవకాశమే లేదు, రేపు ఇంకో బండి, తమ్ముడు ముందే దొంగచాటుగా చూసి పెడతాడు, తను పైనుంచి సరే అంటాడు, అలా ఎన్నేళ్ళయినా నడిపేస్తాడు వాడు, నోరు విప్పడు, పెద్దమేస్త్రి వంగాడు, వేళ్ళు ఆనించాడు, చక్రం ఊగుతోంది, వేళ్ళు ఏమీ చెప్పడం లేదు, పాత గుండు కొట్టుకుంటున్నప్పుడూ ఏమీ చెప్పలేదు, నోరు మాత్రం అప్పుడే తెరుచుకుంది, స అనే అక్షరం నాలుక చివర తయారుగా ఉంది, భార్య నుదుటి మీద చెయ్యి పెట్టినప్పుడూ ఇలాగే తయారుగా ఉంది, చల్లగానే ఉన్నావు, ఫుట్‌పాత్ ఎక్కించారు, బాగానే ఉంది పొండి, ఎన్ని బండ్లు, బడిపిల్లల వ్యాను ఒకటి, వారం వారం కూతురి దగ్గరికి వెళ్ళొచ్చే ముసలి మొగుడూపెళ్ళాల బండి ఒకటి, పేర్లు లేవు, నంబర్లు గుర్తు లేవు, పిలిచి చెబుదామంటే ఎవర్ని పిలుస్తాడు, ఏ రోడ్డు మీద ఏ చక్రం వదులుగా తిరుగుతోందో ఆ దేవుడికే తెలియాలి, నాకు తెలియట్లేదురా అన్నాడు, ఏంటన్నయ్యా అన్నాడు తమ్ముడు, వదులుందో లేదో నాకు తెలియట్లేదు, ఏడాదై తెలియట్లేదు, టీచరమ్మ వంగి ఆయన వేళ్ళు ఉన్నచోట తన వేళ్ళు పెట్టింది, గట్టిగానే ఉంది మేస్త్రిగారూ అంది, తమ్ముడు తలెత్తకుండా జాకీ దించాడు, బండి గేటు దాటిపోయింది, పెద్దమేస్త్రి అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు, షుగరు మీదికి నెట్టేద్దామని, నరాల మీదికి నెట్టేద్దామని ఒకసారి చూశాడు, అది నిలబడలేదు, నరాలు ఏ పూటా ఎవరికీ సరే అని చెప్పలేదు, వేళ్ళు ఏమీ చెప్పడం లేదని చెయ్యి పెట్టిన ప్రతిసారీ తనకు తెలుసు, తెలిసే అన్నాడు.