ఒక్కరికే గది

లెక్కల క్లాసులో కళ్లు తిరిగి పడిపోయిన అమ్మాయిని ఆరోగ్య కేంద్రంలో పడుకోబెట్టారు. ఒక జత బట్టలు తెమ్మని నర్సు ఫోన్ చేయడంతో హాస్టల్ వార్డెన్ ఆమె గదికి బయలుదేరింది. అమ్మాయి మాత్రం నర్సు చేతిలోని ఫోన్ లాక్కుని, "వద్దు మేడమ్, నేనే వచ్చి తెచ్చుకుంటాను" అని ఒకటే బతిమాలింది. లేచి నిలబడలేని పిల్లకు ఆ పట్టుదల ఏమిటో వార్డెన్‌కు అంతుపట్టలేదు.

తలుపు తీశాక తెలిసింది. మంచానికీ గోడకీ మధ్య సందులో దుప్పటి పరుచుకుని ఒక నడివయసు స్త్రీ చిరిగిన జాకెట్టేదో కుడుతోంది. వార్డెన్‌ను చూసి ఉలిక్కిపడి లేచింది.

"మా అమ్మాయికి ఏమైంది?" అంది. తనెవరో చెప్పుకోవాలన్న ధ్యాసే లేదు.

ఆసరా లేని విద్యార్థులకు ఆ యూనివర్సిటీ ఉచితంగా గది, భోజనం ఇస్తుంది. తండ్రి లేని ఈ పిల్లకు అలాగే చోటు దొరికింది. తల్లి ఎవరింట్లోనో మంచాన పడ్డ ముసలావిడకు సేవ చేస్తూ, ఆవిడ మంచం పక్కనే పడుకునేది. ముసలావిడ పోయింది. కొడుకులు ఇంటికి తాళం వేసుకుని వెళ్లిపోయారు.

"రెండ్రోజులు ఉండి పోదామని వచ్చా మేడమ్. ఇంకో పని దొరకలేదు. ఆ రెండ్రోజులే ఇలా సాగుతున్నాయి."

"మరి భోజనం?"

ఆమె తల దించుకుంది. "మెస్‌లో తనకు పెట్టిందే పిల్ల డబ్బాలో తెచ్చేది. 'నేను తినేసే వచ్చానమ్మా, ఇది నీదే' అనేది. నేను నమ్మేశా." చేతిలోని జాకెట్టు మడుస్తూ, "నమ్మడం కాదు మేడమ్. ఆకలేసి నమ్మాను" అంది.

నిబంధన ప్రకారం వార్డెన్ ఆ క్షణమే ఆమెను బయటికి పంపాలి. నోరు రాలేదు. "ఏదో ఒకటి చూద్దాం. అందాకా కిటికీ దగ్గర నిలబడకండి" అని బట్టలు తీసుకుని మెట్లు దిగింది.

మర్నాడు విద్యార్థి సంక్షేమ కార్యాలయానికి వెళ్లింది. అక్కడి అధికారి మంచివాడే. "ఆ అమ్మాయికి ఏం కావాలో చెప్పండి. పుస్తకాలు, బట్టలు, మందులు, బస్సు పాసు, ఏదైనా ఇస్తాం" అన్నాడు.

"వాళ్లమ్మకు తల దాచుకునే చోటు కావాలి."

"వాళ్లమ్మ మా విద్యార్థి కాదు కదండీ."

"ఆవిడ రెక్కలు ముక్కలు చేసుకోకపోతే ఈ పిల్ల మాత్రం మీ విద్యార్థి అయ్యేదా?"

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీది తప్పని నేననను. నా చేతుల్లో లేదంటున్నాను." ఊరుకోకుండా మహిళల ఆశ్రమానికి తనే ఫోన్ చేశాడు. మధ్యలో రిసీవర్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "కొట్టే మొగుడున్నాడా అని అడుగుతున్నారు" అన్నాడు.

"ఎప్పుడో పోయాడు."

"అయితే కుదరదట."

తన ఇంటికి తీసుకెళదామంటే వార్డెన్‌వి రెండే గదులు. ఒకదాంట్లో మామగారు, రెండోదాంట్లో మిగిలిన అందరూ. రోజూ ఇంటి నుంచి ఒక డబ్బా మాత్రం తెచ్చి, చీర చెంగు చాటున ఆ గదికి చేర్చేది.

ఆశ్రమం సంగతి విని తల్లి నవ్వింది. "పోనీ నన్నూ మొదటి సంవత్సరంలో చేర్చేసుకోమనండి మేడమ్. లెక్కలు రావు గానీ, కుట్లలో పరీక్ష పెడితే ఫస్టు నాదే!"

వార్డెన్‌కు నవ్వొచ్చింది. ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చేసిన కూతురు మాత్రం నవ్వలేదు.

ఇంతలో, అగ్నిప్రమాద భద్రతవాళ్లు గది గదీ తనిఖీ చేస్తారని కబురొచ్చింది. రెండో మనిషి కనబడితే అమ్మాయి గది పోతుంది, వార్డెన్ ఉద్యోగం పోతుంది. ఎలా చెప్పాలా అని మాటలు కూడదీసుకుంటూ ఆమె మెట్లెక్కింది. అప్పటికే తల్లి దుప్పటి మడిచి, సంచి సర్దుకుని కూర్చుంది. ఆ కబురు హాస్టలంతా పాకినట్టుంది.

"మా అన్నయ్య రమ్మన్నాడు మేడమ్. అక్కడికి వెళ్తున్నా."

"మామయ్య ఎప్పుడు రమ్మన్నాడు? నీకు ఫోనే లేదుగా!" అంది కూతురు.

"రమ్మన్నాడే. అన్నీ నీకు చెప్పాలా?"

అమ్మాయి సంచి పట్టుకుని వదల్లేదు. "అయితే నేనూ వస్తా. చదువు మానేస్తా."

"మానేస్తే ఇద్దరం రోడ్డున పడతాం. ఇప్పుడైతే నేనొక్కదాన్నే..." అనేసి తల్లి నాలిక్కరుచుకుంది.

అమ్మాయి వేళ్లను ఒక్కొక్కటే విడదీసి తల్లి సంచి తీసుకుంది. వార్డెన్ గేటు దాకా వెంట నడిచి, "మీ అన్నయ్యగారిది ఏ ఊరమ్మా?" అని అడిగింది. వినపడనట్టే, "దాన్ని కాస్త కనిపెట్టుకుని ఉండండి" అని ఆమె వెళ్లిపోయింది.

తల్లి అప్పుడప్పుడూ ఎవరి ఫోన్ నుంచో కూతుర్ని పలకరించేది. మామయ్యవాళ్లు బాగా చూసుకుంటున్నారనేది. ఆ మాటల వెనక బస్సుల హారన్లు, బస్సులు వెళ్లే ఊళ్ల పేర్లు వినబడేవి. అమ్మాయి మామయ్యకే ఫోన్ చేసింది. "మీ అమ్మా? ఇక్కడికేం రాలేదే" అని, ఎక్కడ ఆవిడను తనింటికి పంపిస్తుందోనన్నట్టు గబుక్కున పెట్టేశాడు.

ఆదివారం వార్డెన్, అమ్మాయి కలిసి బస్టాండుకు వెళ్లారు. బెంచీలన్నీ, ఆడవాళ్ల విశ్రాంతి గది అంతా వెతికారు. టీకొట్టతను గుర్తుపట్టాడు. "సంచీలు కుట్టిపెట్టే ఆవిడేనా? మొన్నటిదాకా ఆ మూల ఉండేది. పోలీసులొచ్చి అందర్నీ లేపేశారు."

"ఎటు వెళ్లింది?" అంది అమ్మాయి.

అతను రోడ్డుకేసి చెయ్యి ఊపాడు. ఆ ఊపు ఏ వైపైనా కావచ్చు. అమ్మాయి ఒక వైపు పరుగెత్తింది, తిరిగొచ్చి రెండో వైపు పరుగెత్తింది. చివరికి రోడ్డు మధ్య డివైడర్ మీద కూలబడింది.

వార్డెన్ పక్కనే నిలబడింది. "పదమ్మా, మెస్ మూసేస్తారు" అంది. అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది.

మెస్‌లో వంటావిడ పళ్లెం నిండా వడ్డించింది. అమ్మాయి ఫోన్ పక్కన పెట్టుకుని ముద్ద ముద్దనూ బలవంతాన మింగింది.

"ఇష్టం లేకపోతే వదిలెయ్" అంది వార్డెన్.

"అమ్మ ఫోన్ చేస్తే ముందు అదే అడుగుతుంది మేడమ్, తిన్నావా అని. అబద్ధమాడితే గొంతు విని పట్టేస్తుంది."

పళ్లెం ఖాళీ అయ్యేదాకా వార్డెన్ ఎదురుగా కూర్చునే ఉంది. ఆ రోజు ఫోన్ రాలేదు.